సంచిలో ఇమిడే ఆంప్: ఫిలింనగర్ నుంచి కొన్ని విశేషాలు

ఫిలింనగర్‌లోనూ, దాని దిగువన కృష్ణానగర్ గదుల్లోనూ రాత్రి పదకొండు దాటాక కూడా ఎలక్ట్రిక్ గిటార్లు మోగుతూనే ఉంటాయి. పక్క ఫ్లాట్‌కు మాత్రం వినపడవు. గిటార్ శబ్దం అరచేతిలో పట్టే చిన్న పెట్టెలోకి, అక్కణ్నుంచి హెడ్‌ఫోన్‌లోకి వెళుతుంది. ఆ పెట్టె పేరు ఆంప్ మోడలర్. పెద్ద ఆంప్‌లోని వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకరు కలిసి గిటార్ శబ్దాన్ని ఎలా మారుస్తాయో లెక్కగట్టి, ఆ లెక్కను సెకనుకు వేలసార్లు చేస్తూ పోయే యంత్రం అది.

ఎలక్ట్రిక్ గిటార్ ఒక్కటే సగం వాయిద్యం. మిగతా సగం ఆంప్. ఆంప్ లేకుండా నెలలపాటు సాధన చేసిన చెయ్యి, రికార్డింగ్ రోజున ఆంప్ ముందు కూర్చోగానే తడబడుతుంది. తీగను ఎంత గట్టిగా మీటాలి, మోగకూడని తీగను ఏ వేలితో ఆపాలి అన్నవి శబ్దం పెద్దదైనప్పుడే తెలుస్తాయి. ఊళ్లు తిరిగే వాద్యకారుడికి ఈ చిన్న పెట్టె ఎంపిక పెద్ద విషయం కావడానికి కారణం అదే. ఎంచుకునేవాళ్లకు పనికొచ్చే విశేషాలు, వాటితోపాటు తెలుసుకుంటే సంతోషం కలిగించే సంగతులు కొన్ని ఇక్కడ.

రెండు టికెట్ల బరువు

వాక్స్ ఏసీ30 ఆంప్ 1950ల చివర్లో ఇంగ్లాండులోని డార్ట్‌ఫోర్డ్‌లో పుట్టింది. బీటిల్స్ బృందం వెనక కనిపించేవి ఆ కంపెనీ ఆంపులే. దాని బరువు ముప్ఫై కిలోలకు పైమాటే. అమెరికా వాళ్ల ఫెండర్ ట్విన్ రివర్బ్ కూడా ఇంచుమించు అంతే. మన దేశంలో విమానమెక్కితే మామూలు టికెట్టు మీద చెక్-ఇన్ సామానుకు 15 కిలోలు, చేతి సంచికి 7 కిలోలు ఇస్తారు. అంటే ఒక్క ఆంపే ఇద్దరి సామాను. గిటార్ సంగతి అప్పటికింకా మొదలే కాలేదు.

మద్రాసు హాలు, హైదరాబాద్ గది

తెలుగు సినిమా మద్రాసులో ఉన్నన్నాళ్లూ పాట రికార్డింగంటే ఒక పెద్ద హాలు. వయొలిన్లు, తబలా, వేణువు, గిటార్, గాయకులు అందరూ ఒకేసారి వాయించి, పాడి పాట పూర్తి చేసేవారు. గిటార్ ఆంప్ హాల్లో ఒక మూల ఉండేది, దాని ముందొక మైకు. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. తర్వాత ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియోస్ వచ్చింది. షూటింగులు, డబ్బింగులు, క్రమంగా పాటల పని కూడా హైదరాబాద్‌కు మళ్లాయి. అయితే వాద్యకారులందరూ ఇల్లు మార్చలేదు. చెన్నైలో ఇల్లు, హైదరాబాద్‌లో పని, మధ్యలో రాత్రి రైలో తెల్లవారుజాము విమానమో, ఈ బతుకు నడుపుతున్నవాళ్లు ఇప్పటికీ ఎందరో.

వాళ్లు వచ్చి కూర్చునే గది కూడా మారింది. జూబ్లీహిల్స్ రోడ్ల వెంబడి, ఫిలింనగర్ సందుల్లో సంగీత దర్శకుల స్టూడియోలు చాలావరకు ఇళ్లలోనో ఫ్లాట్లలోనో ఉన్నాయి. కంప్యూటరు, రెండు స్పీకర్లు, గాయకుడు నిలబడేందుకు ఒక చిన్న అరగది. వాల్వు ఆంప్‌ను గట్టిగా పెట్టి ముందు మైకు పెట్టేంత చోటు అక్కడ ఉండదు, అంత శబ్దాన్ని ఆ గోడలు ఆపలేవు. గిటారిస్టు తన మోడలర్‌ను నేరుగా కంప్యూటర్‌కు కలిపి వాయిస్తాడు. ఉదయం హోటల్ గదిలో సాధన చేసిన పెట్టే మధ్యాహ్నం పాటలో వినబడుతుంది. ఎంపికలో తొందర పడవద్దని గట్టిగా చెప్పేది ఇందుకే.

పాలకొల్లు పిల్లాడి తీగలు

ఆంప్ అనగానే రాక్ సంగీతమే గుర్తుకొస్తుంది. మన తెలుగు నేల మీద ఆంప్‌తో అంతకంటే పెద్ద పని చేసినవాడు కర్ణాటక సంగీత విద్వాంసుడు, అదీ తొమ్మిదేళ్ల వయసు నుంచి.

ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. మాండొలిన్‌కు మామూలుగా ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. మీటగానే గణగణమని మోగి వెంటనే ఆరిపోతుంది. గమకానికి స్వరం నిలబడాలి. ఒక మెట్టు మీంచి పక్క స్వరానికి తీగను లాగుతూ, ఊపుతూ ఉంటే ఆ ఊపంతా చెవికి అందేంతసేపు శబ్దం బతికుండాలి. మామూలు మాండొలిన్ మీద అది కుదరదు కాబట్టే దాన్ని కర్ణాటక కచేరీకి పనికిరాదని పక్కన పెట్టారు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు బిగించాడు. పికప్ నుంచి వచ్చే సన్నని విద్యుత్తును ఆంప్ పెద్దది చేస్తుంటే గమకం చివరి అలదాకా వినబడింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరులో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు. ఆ లోటు ఇంకా తీరలేదు.

ఆయన దగ్గర మాండొలిన్ నేర్చుకున్న కుర్రాళ్లలో ఒకరు 1999లో ‘దేవి’ చిత్రంతో సంగీత దర్శకుడయ్యారు. ఆయనే దేవిశ్రీ ప్రసాద్. స్టేజి మీద గిటార్ తగిలించుకుని ఆయన గెంతుతుంటే చూసి గిటార్ కొన్న పిల్లలు తెలుగు ఊళ్లలో చాలామందే ఉంటారు.

గమకాన్ని కోసేసే మీట

దాదాపు ప్రతి మోడలర్‌లోనూ నాయిస్ గేట్ అని ఒకటి ఉంటుంది. శబ్దం ఒక మట్టం కంటే కిందికి దిగగానే తలుపు మూసేసి, వెనకున్న రొదను ఆపడం దాని పని. మెటల్ వాయించేవారికి అది ప్రాణం. రాగం పలికించేవారికి శత్రువు. కల్యాణిలో ప్రతిమధ్యమం మీద నిలబడి నెమ్మదిగా పంచమంలోకి జారుతున్నప్పుడు చివరి భాగం సన్నబడుతుంది. గేట్ సరిగ్గా అక్కడే కోసేస్తుంది. వింటున్నవాడికి తన వేలే సరిగా లాగలేదేమోనన్న అనుమానం వస్తుంది. నెలల తరబడి లేని తప్పును దిద్దుకుంటూ ఉంటాడు.

కొన్ని చవక పెట్టెల్లో గేట్‌ను పూర్తిగా తీసేసే వీలుండదు, తగ్గించే వీలు మాత్రమే ఉంటుంది. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. గేట్ తీసేశాక వచ్చే కొద్దిపాటి రొదను భరించడం ఎంతో మేలు.

చిరిగిన స్పీకరు విలువ

ఎలక్ట్రిక్ గిటార్ అరుపుకు మూలం పాడైపోయిన సామాను. 1958లో గిటారిస్టు లింక్ రే ‘రంబుల్’ రికార్డు కోసం తన ఆంప్ స్పీకర్లకు చిల్లులు పొడిచాడు. 1964లో కింక్స్ బృందపు కుర్రాడు డేవ్ డేవిస్ చిన్న ఎల్పికో ఆంప్ స్పీకరును బ్లేడుతో చీల్చాడు. అంతకుముందు ఇంజనీర్లు వక్రీకరణ అని ఏది రాకుండా చూసుకున్నారో, ఆ తర్వాత జనం దాన్నే డబ్బు పెట్టి కొన్నారు. ఇవాళ్టి మోడలర్లలో చిప్ చేసే లెక్కల్లో కష్టమైన భాగం ఈ చెడిపోవడాన్ని సరిగ్గా అనుకరించడమే. శుభ్రమైన శబ్దాన్ని పెద్దది చేయడం సులువు. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరగరగా పలికించడం అసలు పరీక్ష.

లండన్‌లో డ్రమ్ములు నేర్పే జిమ్ మార్షల్ 1962లో మొదలుపెట్టిన కంపెనీ మొదటి ఆంప్ కూడా ఫెండర్ బాస్‌మన్‌ను చూసి చేసినదే. ఆ బాస్‌మన్‌ను లియో ఫెండర్ బేస్ గిటార్ కోసం తయారు చేశాడు. ఎవరి కోసమో చేసినది ఇంకెవరికో పనికొచ్చింది.

నడుముకు కట్టుకున్న స్టూడియో

హెడ్‌ఫోన్‌తో సాధన అన్న ఆలోచన స్మార్ట్‌ఫోన్ కంటే చాలా పాతది. బోస్టన్ బృందం గిటారిస్టు టామ్ షోల్జ్ ఎమ్మైటీలో చదివిన ఇంజనీరు. పోలరాయిడ్ కంపెనీలో ఉద్యోగం చేశాడు. 1982లో ఆయన రాక్‌మన్ అనే పెట్టె తెచ్చాడు. నడుముకు తగిలించుకుని హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చాలు, పాలిష్ పట్టిన స్టూడియో గిటార్ చెవిలో మోగేది. అందులో కంప్యూటరు లేదు, అంతా అనలాగ్ సర్క్యూటే. డెఫ్ లెపర్డ్ వాళ్లు ‘హిస్టీరియా’ ఆల్బంలో దాన్నే వాడారు. సాధన కోసం చేసిన పెట్టె రికార్డులోకి ఎక్కింది.

1998లో లైన్ 6 కంపెనీ పాడ్ అనే ఎర్రటి, చిక్కుడుగింజ ఆకారపు పెట్టె తెచ్చింది. ఆంపులను చిప్ మీద అనుకరించే పద్ధతి మామూలు వాద్యకారుడి బల్ల మీదికి వచ్చింది దానితోనే. 2011లో జర్మనీ వాళ్ల కెంపర్ ఇంకో మలుపు తిప్పింది. ఆంప్ లోపలి భాగాలను లెక్కగట్టడానికి బదులు, నిజమైన ఆంప్‌లోకి రకరకాల శబ్దాలు పంపి, అది ఏం తిరిగిస్తుందో విని నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ విద్య ఉచితంగా దొరుకుతోంది. స్టీవెన్ అట్కిన్సన్ రాసిన న్యూరల్ ఆంప్ మోడలర్ ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. ప్రపంచంలో ఎవరో తమ గదిలో ఉన్న పాత ఆంప్‌ను దానితో పట్టి పంచితే, అమీర్‌పేట హాస్టల్లో ఉన్న కుర్రాడు పైసా ఖర్చు లేకుండా ల్యాప్‌టాప్ మీద వాయించుకోవచ్చు. పేద విద్యార్థికి ఇంతకంటే మంచి వార్త నాకు తెలిసి ఈ రంగంలో ఇంకోటి రాలేదు.

బ్లూటూత్ చేసే మోసం

దీని దగ్గర కాస్త నిలబడాలి. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. మీటరు దాటడానికి మూడు మిల్లీసెకన్లు. స్టేజి మీద ఆంప్ మూడు మీటర్ల వెనక ఉంటే, మీటిన తొమ్మిది మిల్లీసెకన్లకు శబ్దం చెవి చేరుతుంది. వాద్యకారుడికి అది తెలియను కూడా తెలియదు. మంచి మోడలర్ తన లెక్కలకు తీసుకునే సమయం అంతకంటే తక్కువే. కాబట్టి తీగ ఉన్న హెడ్‌ఫోన్‌తో ఇబ్బంది లేదు.

మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్‌ల సంగతి వేరు. వాటి ఆలస్యం తేలిగ్గా నూటికి పైన, కొన్నిట్లో రెండు వందల మిల్లీసెకన్ల దాకా పోతుంది. ఇప్పుడు లెక్క చూడండి. నిమిషానికి 120 దెబ్బల వేగంలో దెబ్బకు దెబ్బకు మధ్య 500 మిల్లీసెకన్లు. చతురశ్ర నడలో ఒక్కో స్వరానికి 125 మిల్లీసెకన్లు. ఆలస్యం అంతే ఉందనుకుంటే, ‘తకధిమి’లో మీరు ‘ధి’ వాయించేసరికి చెవిలో ‘క’ మోగుతుంది. ఆంప్ నలభై మూడు మీటర్ల దూరాన ఉన్నట్టన్నమాట. అలా వారం రోజులు సాధన చేస్తే చెయ్యి ముందుకు పరిగెత్తడం అలవాటు చేసుకుంటుంది. ఆ అలవాటు మాన్పడానికి నెల పడుతుంది.

చాలా పెట్టెల మీద ‘బ్లూటూత్ ఉంది’ అని రాసి ఉంటుంది. నిజమే, ఉంటుంది. ఫోన్‌లోని పాటను పెట్టెలోకి పంపడానికి అది పనికొస్తుంది. పాట కాస్త ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు, మీరు దానితో కలిసి వాయిస్తారు. మీ గిటార్ శబ్దాన్ని పెట్టె నుంచి చెవికి పంపడానికి మాత్రం అది వద్దు. తీగలేని సుఖమే కావాలంటే బాస్ కంపెనీ వాజా-ఎయిర్ లాంటివి ఉన్నాయి. ఈ హెడ్‌ఫోన్ బ్లూటూత్‌తో కాక తనదైన రేడియో పద్ధతిలో గిటార్‌ను అందుకుంటుంది. అందులో తల తిప్పడాన్ని పసిగట్టే సెన్సర్ ఉంది. తల పక్కకు తిప్పితే ఆంప్ ఉన్నచోటే ఉండి, శబ్దం ఒక చెవికి జరుగుతుంది. హోటల్ గదిలో కళ్లు మూసుకుంటే స్టేజి మీద ఉన్నట్టే ఉంటుంది. బరువు, పరిమాణం మాత్రం చేతి సంచిలో మంచి భాగమే తీసుకుంటాయి.

పన్నెండంగుళాల జల్లెడ

గిటార్ ఆంప్‌లో వాడే పన్నెండంగుళాల స్పీకరు దాదాపు 5,000 హెర్ట్‌జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. హెడ్‌ఫోన్ 20,000 దాకా వినిపిస్తుంది. స్పీకరు ఆపే గరుకంతా హెడ్‌ఫోన్‌లో నేరుగా చెవికి గుచ్చుకుంటుంది. వక్రీకరణ పెడల్‌ను నేరుగా ఇయర్‌ఫోన్‌కు తగిలించినవాళ్లు ఎవరైనా ఆ బాధ చెప్తారు. మోడలర్‌లో ‘క్యాబ్’ అని ఉండేది ఈ జల్లెడ పని చేస్తుంది. నిజమైన స్పీకరు పెట్టె ముందు మైకు పెట్టి పట్టిన స్పందనను గిటార్ మీద పరుస్తుంది. పెట్టె ఎంత చిన్నదైనా క్యాబ్ అనుకరణ బాగుంటే శబ్దం బాగుంటుంది. ఆంపుల సంఖ్య చూసి మురిసిపోయేవాళ్లు దీన్ని పట్టించుకోరు, అది తప్పు.

పది దాటితే 45

శబ్ద కాలుష్య నియమాలు మన దేశంలో 2000లో వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే మాటలే దాదాపు 60. అపార్ట్‌మెంట్‌లో రాత్రిపూట ఏ ఆంపూ ఈ లెక్కలో ఇమడదు. షూటింగ్ నుంచి అర్ధరాత్రి ఇల్లు చేరిన మనిషి పక్క గదిలో నిద్రపోతున్నాడన్న గౌరవం ఫిలింనగర్‌లో ప్రతి సాధకుడికీ ఉండాలి. హెడ్‌ఫోన్ సాధన ఆ గౌరవంలో భాగమే.

మన చెవికీ అదే న్యాయం. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్స్ దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. శబ్దం మూడు డెసిబెల్స్ పెరిగిన కొద్దీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. మెట్రోలో, రైల్లో బయటి రొదను మించి వినాలని శబ్దం పెంచుతాం. చెవిని పూర్తిగా మూసే ఇయర్‌ఫోన్ ఉంటే ఆ అవసరం రాదు. మోడలర్‌కు పెట్టే డబ్బులో మూడో వంతు మంచి ఇయర్‌ఫోన్‌కు పెట్టమని నా సలహా.

110, 120, 230

మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. మన రైలు పెట్టెల్లో చాలావాటిలో ఫోన్ సాకెట్‌కు వచ్చేది 110 వోల్టులు. 230 వోల్టుల కోసమే చేసిన పాత ట్రాన్స్‌ఫార్మరు అడాప్టరు చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లోనూ పని చేయదు, డల్లాస్‌లోనూ పని చేయదు. ‘100–240’ అని రాసి ఉన్నదే తీసుకోవాలి. అమెరికాలోని తెలుగువారి సంఘం తానా రెండేళ్లకోసారి జరిపే మహాసభలకూ, వేసవిలో అమెరికా ఊరూరా జరిగే సినీ సంగీత విభావరులకూ మన వాద్యకారులు వెళ్తుంటారు. అందుకని ఇది చిన్న మాట కాదు. యూఎస్‌బీ-సీతో చార్జయ్యే పెట్టెకు ఈ బెడద లేదు, ఫోన్ చార్జరే సరిపోతుంది.

స్ట్రాటోకాస్టర్ లాంటి సింగిల్ కాయిల్ గిటార్లలో వినబడే బుర్రుమనే రొద ఈ కరెంటుదే. దేశం మారితే రొద శ్రుతీ మారుతుంది. గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ 1955లో రెండు కాయిళ్లను ఎదురెదురుగా కలిపి దాన్ని రద్దు చేశాడు. అదే హంబకర్. ప్రయాణాల్లో ఎక్కువ ఉండేవాళ్లకు హంబకర్ గిటార్ హాయి.

పవర్‌బ్యాంక్ విమానంలో చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేయకూడదు. ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్-అవర్ల దాకా. 10,000 ఎమ్ఏహెచ్ అంటే 37, 20,000 అంటే 74. కాబట్టి మామూలు పవర్‌బ్యాంకులకు భయం లేదు. రైల్లో రాత్రిపూట చార్జింగ్ పాయింట్లు ఆపేసే పద్ధతి కూడా ఉంది. ఎక్కేముందే నింపుకోవాలి.

ఇంతకీ ఏది?

ఫెండర్ మస్టాంగ్ మైక్రో 2021లో వచ్చింది. గిటార్ జాక్‌లో నేరుగా గుచ్చుకుంటుంది. పన్నెండు ఆంపులు, ఆరు గంటల బ్యాటరీ, యాప్ అక్కర్లేదు, అన్నీ బొత్తాలతోనే. ట్యూనర్ లేకపోవడం దాని లోటు. తర్వాత వచ్చిన ప్లస్‌లో ఆ లోటు తీర్చి, చిన్న తెర కూడా పెట్టారు. 2024లో బాస్ తెచ్చిన కటానా గో కూడా అలాగే గుచ్చుకునేదే, బేస్ గిటార్‌కు వేరే వరస ఉంది. ఈ రకం పెట్టెలకు తిరిగే ప్లగ్గు ఉండాలి. స్ట్రాటోకాస్టర్ జాక్ పడవ ఆకారపు గుంటలో ఉంటుంది, వంగని ప్లగ్గయితే అందులో సరిగా కూర్చోదు.

పాజిటివ్ గ్రిడ్ స్పార్క్ గోకు చిన్న స్పీకరు ఉంది. ఐదు వాట్లు, అరచేయంత. షాట్ మధ్యలో నలుగురు కూర్చుని ట్యూన్ కట్టుకోవడానికి బాగుంటుంది. కానీ దాని అందమంతా ఫోన్ యాప్‌లో ఉంది. ఫోన్ మారినా, యాప్ మారినా, నెట్ లేకపోయినా చేతిలో మిగిలేది కొద్దే. పదేళ్లు వాడాలనుకునే పెట్టె ఫోన్ లేకుండా ఎంత పని చేస్తుందో చూసుకుని కొనాలి.

చేతిలో డబ్బు తక్కువైతే వాక్స్ ఆంప్‌ప్లగ్ ఉంది. అది చిప్ లెక్కలు చేయదు, అనలాగ్ సర్క్యూటుతో నడుస్తుంది. రెండు సన్న సెల్లులు చాలు, అవి ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. నేర్చుకునే పిల్లలకు అది నిజంగా సరిపోతుంది.

సెషన్లు వాయించేవారి లెక్క వేరు. 2018లో వచ్చిన లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్ లాంటి పెట్టె మిగతావాటికి కొన్ని రెట్ల ధర, బ్యాటరీ లేదు, 9 వోల్టులు 3 ఆంపియర్ల అడాప్టరు అడుగుతుంది. అయినా ఎందుకు కొంటారంటే, ఒకటి, అదే పెట్టె యూఎస్‌బీతో కంప్యూటరుకు కలిసి 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లలో రికార్డు చేస్తుంది. సినిమా సౌండ్ నడిచేది 48 మీదే. రెండు, తీగల బిగువు మార్చకుండానే శ్రుతి దించే, పెంచే సౌకర్యం ఉంది. గాయకుడి గొంతుకు సరిపోలేదని పాటను అరమెట్టు దించడం సినిమా పాటలో మామూలు సంగతి.

ఇక్కడొక పనికొచ్చే లెక్క. ఆ నాణ్యతలో ఒక గిటార్ ట్రాక్ నిమిషానికి తొమ్మిది ఎంబీ లోపే. నాలుగు నిమిషాల పాటకు ఆ ట్రాక్ దాదాపు 35 ఎంబీ. విజయవాడ లాడ్జిలో వాయించి ఫోన్ డేటా మీదే ఫిలింనగర్‌కు పంపవచ్చు. వాట్సాప్‌లో పంపితే ఆడియోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే ఫైలు కుదించుకుపోవచ్చు. ఆంప్ రంగు వేయని శుభ్రమైన ట్రాక్ ఒకటి విడిగా ఇస్తే సంగీత దర్శకుడు తర్వాత తనకు నచ్చిన ఆంప్ వేసుకోగలడు. ఈ మర్యాద పాటించే గిటారిస్టుకు మళ్లీ పిలుపు వస్తుంది.

వేలి దగ్గర మొదలు

ఇళయరాజా లండన్ ట్రినిటీ కళాశాల పరీక్షల్లో క్లాసికల్ గిటార్‌కు బంగారు పతకం పొందారు. 1989లో తెలుగువాళ్లను కట్టిపడేసిన ‘గీతాంజలి’, ‘శివ’ రెండూ ఆయనవే. ఆయన నేర్చిన గిటార్‌కు అసలు ఆంపే లేదు. పదేళ్ల తర్వాత రమణ గోగుల ‘తమ్ముడు’లో, ఆ పైన ‘బద్రి’లో ఎలక్ట్రిక్ గిటార్‌ను పాట ముందుకు తెచ్చి నిలబెట్టారు. కృష్ణానగర్ మెట్ల మీద కూర్చుని ఆ వరసలు నేర్చుకున్న తరం ఇప్పుడు స్టూడియోల్లో వాయిస్తోంది.

నా తీర్పు ఇది. ప్రయాణంలో సాధనకు మాత్రమే అయితే గిటార్‌లో గుచ్చుకునే చిన్న మోడలర్, తీగ ఉన్న మంచి ఇయర్‌ఫోన్. పని కూడా దానిమీదే చేయాలనుకుంటే హెచ్‌ఎక్స్ స్టాంప్ తరగతి పెట్టె. మధ్యలో ఉండే వాటికోసం అప్పు చేయవద్దు. కొనేందుకు దుకాణానికి మీ గిటార్, మీ ఇయర్‌ఫోన్ తీసుకెళ్లండి. ఫోన్ డేటా ఆపేయండి. రివర్బ్, డిలే, గేట్ అన్నీ తీసేసి, వక్రీకరణ లేని ఒక్క ఆంప్ మీద ఒక రాగం ఆరోహణ అవరోహణలు చాలా నెమ్మదిగా వాయించండి. మెల్లగా మీటినప్పుడు మెల్లగా, గట్టిగా మీటినప్పుడు గట్టిగా పలుకుతోందా? స్వరం చివరిదాకా నిలుస్తోందా? మీ చేతి తప్పులు దాచకుండా వినిపిస్తోందా? మూడింటికీ అవునంటేనే డబ్బు కట్టండి.